నొప్పి తగ్గలేదు, మందే తగ్గింది: మార్ఫిన్ విషయంలో కేరళ దారి, మన దారి

క్యాన్సర్ ముదిరిన పెద్దావిడకు డాక్టర్ మార్ఫిన్ మాత్రలు రాస్తే, ఇంట్లో మొదట వచ్చే మాట ఒకటే: "అది అఫీము కదా!" కొడుకు చీటీ మడిచి జేబులో పెట్టుకుంటాడు. కోడలు "అలవాటైపోతే ఎలా?" అంటుంది. చూడటానికి వచ్చిన చుట్టాల్లో ఒకరు "అది ఇచ్చారంటే ఇక ఆఖరే" అని గుసగుసలాడతారు. ఈలోగా ఆ తల్లి రాత్రంతా నిద్రలేక, పక్క మార్చుకోలేక, "యా అల్లాహ్" అంటూనే ఉంటుంది.

ఈ దృశ్యం ఏ ఒక్క ఇంటిదో కాదు. ఇంట్లోని ఈ భయానికి వెనకాల దేశం మొత్తం భయపడిన చరిత్ర ఒకటి ఉంది. ఒక చట్టం వచ్చింది, ఒక మందు కనుమరుగైంది. కొన్ని ప్రాంతాలు దాన్ని తిరిగి తెచ్చుకున్నాయి, చాలా ప్రాంతాలు తెచ్చుకోలేకపోయాయి. ఏ ప్రాంతంలో ఏం జరిగిందో చూస్తే, ఇప్పుడు తెలుగు రాష్ట్రాల కుటుంబాలు చేయాల్సింది ఏమిటో కూడా అర్థమవుతుంది.

97 శాతం ఎలా పడిపోయింది?

1985 నవంబర్‌లో మాదకద్రవ్యాల నిరోధక చట్టం, అంటే జనం నోట్లో నానిన ఎన్డీపీఎస్ చట్టం, అమల్లోకి వచ్చింది. దాని గురి స్మగ్లర్ల మీద. మార్ఫిన్‌ను వైద్యానికి వాడుకోవచ్చని అదే చట్టం ఒప్పుకుంది కూడా. కానీ శిక్షలు చాలా కఠినంగా పెట్టారు. ఎన్నో నేరాలకు కనీసం పదేళ్ల జైలు. లెక్కల పుస్తకంలో తప్పు దొర్లినా జైలుకు పోతామేమోనని ఫార్మసిస్టులు, ఆసుపత్రులు హడలిపోయారు.

దానికి తోడు లైసెన్సుల తతంగం. ప్రతి రాష్ట్రం సొంత నిబంధనలు రాసుకుంది. మార్ఫిన్ తెప్పించుకోవాలంటే ఆసుపత్రి దగ్గర ఉంచుకోవడానికి ఒక లైసెన్సు, రాష్ట్రంలోకి తేవడానికి ఒకటి, రవాణాకు ఇంకొకటి. పంపే రాష్ట్రం నుంచి మరో అనుమతి. ఇందులో ఎక్సైజ్ శాఖ ఉంటుంది, ఆరోగ్య శాఖ ఉంటుంది, డ్రగ్ కంట్రోలర్ ఉంటాడు. అన్ని కాగితాలూ ఒకే సమయంలో చెల్లుబాటులో ఉండాలి. నాలుగోది చేతికొచ్చేసరికి మొదటిదాని గడువు తీరిపోయేది. దీంతో చాలా ఆసుపత్రులు "మాకెందుకొచ్చిన గొడవ" అని మార్ఫిన్ తెప్పించడమే మానేశాయి.

ఫలితం అంకెల్లో కనిపించింది. చట్టం వచ్చాక పన్నెండు, పదమూడేళ్లలో దేశంలో మార్ఫిన్ వైద్య వాడకం 97 శాతం పడిపోయింది. 1997లో దేశమంతా కలిపి వాడింది 18 కిలోలు. అప్పటి జనాభా 95 కోట్లకు పైనే.

18 కిలోలంటే ఎంత? ఒక రోగికి రోజుకు 60 మిల్లీగ్రాములు, అంటే 10 మిల్లీగ్రాముల మాత్రలు ఆరు, మూడు నెలలపాటు ఇచ్చారనుకుందాం. ఒక్కరికి 5.4 గ్రాములు పడుతుంది. ఆ లెక్కన 18 కిలోలు సుమారు 3,300 మందికి సరిపోతుంది. దేశం మొత్తానికి అంతే! ఆ ఏడాది క్యాన్సర్ నొప్పితో అల్లాడినవాళ్లు మాత్రం లక్షల్లో ఉన్నారు.

నొప్పి 97 శాతం తగ్గలేదు. మందు మాత్రమే తగ్గింది.

పండించేది మనమే, అందనిదీ మనకే

ఇందులో బాధ కలిగించే సంగతి ఇంకోటి ఉంది. మార్ఫిన్ నల్లమందు నుంచి వస్తుంది. ప్రపంచంలో చట్టబద్ధంగా నల్లమందు పండించే కొద్ది దేశాల్లో భారత్ ఒకటి. మధ్యప్రదేశ్‌లో మంద్‌సౌర్, నీమచ్. రాజస్థాన్‌లో చిత్తోడ్‌గఢ్ చుట్టుపక్కల జిల్లాలు. ఉత్తరప్రదేశ్‌లో కొన్ని ప్రాంతాలు ఈ సాగుకు పేరున్నవి. గ్వాలియర్ కేంద్రంగా పనిచేసే సెంట్రల్ బ్యూరో ఆఫ్ నార్కోటిక్స్ రైతులకు లైసెన్సులిస్తుంది. నీమచ్, ఘాజీపూర్ ప్రభుత్వ కర్మాగారాల్లో సరుకు శుద్ధి అవుతుంది. ఘాజీపూర్ కర్మాగారం బ్రిటిష్ వాళ్ల కాలం, 1820 నాటిది.

అలా దశాబ్దాలుగా ఇక్కడి నల్లమందు విదేశాలకు ఎగుమతి అవుతూనే ఉంది. అక్కడి మందుల కంపెనీలు దాంతో మందులు చేశాయి. నీమచ్ పొలానికి ఆమడ దూరంలో ఉన్న రోగికి మాత్రం మాత్ర దొరకలేదు.

ప్రఖ్యాత వైద్య పత్రిక లాన్సెట్ ఏర్పాటు చేసిన కమిషన్ 2017లో ఈ తేడాను లెక్కకట్టింది. బాధ నుంచి ఉపశమనం అవసరమైన ఒక్కో రోగికి ఏడాదికి దొరుకుతున్న మందు, మార్ఫిన్ లెక్కలో చూస్తే, అమెరికాలో 55 వేల మిల్లీగ్రాములకు పైనే. చైనాలో 314. భారత్‌లో 43 మిల్లీగ్రాములు. అంటే ఒక్కో రోగికి ఏడాది మొత్తానికి నాలుగు మాత్రలు! అవసరంలో ఇది 4 శాతం మాత్రమేనని కమిషన్ తేల్చింది.

మలప్పురం చేసి చూపింది

దేశమంతా మార్ఫిన్ పడిపోతున్న రోజుల్లోనే ఒక మూల నుంచి వేరే కథ మొదలైంది. 1993లో కోజికోడ్ మెడికల్ కాలేజీలో మత్తు వైద్యులు డాక్టర్ ఎం.ఆర్.రాజగోపాల్, డాక్టర్ సురేశ్ కుమార్, మరికొందరు కలిసి పెయిన్ అండ్ పాలియేటివ్ కేర్ సొసైటీ పెట్టారు. పాలియేటివ్ కేర్ అంటే జబ్బు నయమైనా కాకున్నా రోగి బాధను తగ్గించే వైద్యం. నొప్పి, ఆయాసం, వాంతులు, పుండ్లు, మనసులోని దిగులు, ఇంట్లోవాళ్ల అలసట... అన్నీ దాని కిందికే వస్తాయి.

1998లో కేంద్ర ప్రభుత్వం నిబంధనలు సులభం చేసుకోమని రాష్ట్రాలకు ఒక నమూనా పంపింది. చాలా రాష్ట్రాల్లో ఆ కాగితం ఫైళ్లలోనే పడి ఉంది. కేరళ మాత్రం దాన్ని అందుకుంది. 2008లో పాలియేటివ్ కేర్‌కు ప్రత్యేక విధానం ప్రకటించిన మొదటి రాష్ట్రం అయింది. పంచాయతీలే నర్సులను పెట్టి ఇంటింటికీ పంపే ఏర్పాటు చేసింది. దేశ జనాభాలో 3 శాతం ఉన్న కేరళలోనే దేశంలోని పాలియేటివ్ సేవల్లో మూడింట రెండు వంతులు ఉన్నాయని ఒక దశలో అంచనా వేశారు. ఈ సేవలకు గుర్తింపుగా డాక్టర్ రాజగోపాల్‌కు 2018లో పద్మశ్రీ దక్కింది.

ముస్లింలు ఎక్కువగా ఉండే మలప్పురం జిల్లా ఈ ఉద్యమానికి గుండెకాయ. 2000 ప్రాంతంలో అక్కడ ఇరుగుపొరుగు పాలియేటివ్ నెట్‌వర్క్ అనే పద్ధతి వేళ్లూనుకుంది. వారానికి కనీసం రెండు గంటలు ఇవ్వగలవాళ్లు ముందుకొస్తారు. 16 గంటల తరగతులు, కొన్ని రోజులు రోగుల దగ్గర ప్రత్యక్ష శిక్షణ. ఆ తర్వాత తమ వీధిలో, తమ ఊళ్లో మంచాన పడ్డవాళ్లను వాళ్లే గుర్తిస్తారు. మందు ఎంతివ్వాలో డాక్టర్ చూసుకుంటాడు, పుండుకు కట్టు నర్సు కడుతుంది. బియ్యం లేని ఇంటికి బియ్యం చేర్చడం, పిల్లల ఫీజు సంగతి కనుక్కోవడం, కాసేపు కూర్చుని మాట్లాడటం వాలంటీర్ల వంతు. ఖర్చులో పెద్ద భాగం స్థానికంగా వచ్చిన చిన్న చిన్న విరాళాలే. అన్ని మతాలవాళ్లూ ఇందులో ఉన్నారు.

రోగిని పరామర్శించడం, ఇయాదత్, ముస్లిం ఇళ్లలో చిన్నప్పటి నుంచి నేర్పే విషయమే. మలప్పురం వాళ్లు దాన్ని ఒక పద్ధతిలో పెట్టారు, అంతే. పళ్ల సంచితో వెళ్లి ఐదు నిమిషాలు కూర్చుని వచ్చే ఇయాదత్ కాదది. "రాత్రి నిద్రపట్టిందా? మందు అయిపోయిందా?" అని అడిగే ఇయాదత్. అడిగేవాళ్లు ఉన్నచోట మందు వచ్చింది. అడిగేవాళ్లు లేనిచోట చట్టం సవరించినా రాలేదు.

హైదరాబాద్‌లో ఎంత దూరం వచ్చింది?

హైదరాబాద్‌కు ఈ కథలో తన వంతు ఉంది. రెడ్‌హిల్స్‌లోని ఎంఎన్‌జే క్యాన్సర్ ఆసుపత్రి 1955లో మొదలైంది. ఎంఎన్‌జే అంటే మెహదీ నవాజ్ జంగ్. హైదరాబాద్ రాష్ట్రంలో మంత్రిగా చేసి, 1960లో గుజరాత్‌కు తొలి గవర్నర్‌గా వెళ్లిన పెద్దమనిషి. రెండు తెలుగు రాష్ట్రాల పేద రోగులకే కాదు, పక్కనున్న కర్ణాటక, మహారాష్ట్ర జిల్లాలవాళ్లకు కూడా ఆ ఆసుపత్రే దిక్కు. గత రెండు దశాబ్దాల్లో డాక్టర్ గాయత్రి పాలట్ లాంటివాళ్ల చొరవతో అక్కడ నొప్పి చికిత్స విభాగం నిలదొక్కుకుంది. నోటితో వేసుకునే మార్ఫిన్ అందుబాటులోకి వచ్చింది.

తర్వాత తెలంగాణ ప్రభుత్వం జిల్లాల్లో పాలియేటివ్ కేంద్రాలు తెరిచింది. 'ఆలన' పేరుతో డాక్టర్, నర్సు ఇళ్లకే వెళ్లే వాహనాలు నడిపింది. దేశంలో చాలా రాష్ట్రాలతో పోలిస్తే ఇది ముందడుగే. ఆంధ్రప్రదేశ్‌లో విశాఖపట్నం అగనంపూడి దగ్గర టాటా మెమోరియల్ సంస్థ నడిపే హోమీ భాభా క్యాన్సర్ ఆసుపత్రిలోనూ ఈ సేవలున్నాయి.

కేరళకూ ఇక్కడికీ తేడా ఎక్కడుంది? అక్కడ ఉద్యమం వీధి నుంచి ఆసుపత్రికి వెళ్లింది. ఇక్కడ ఆసుపత్రి నుంచి వీధికి రావాల్సి ఉంది. పెద్ద ఆసుపత్రిలో మందు ఉండొచ్చు. కానీ మారుమూల మండలంలోని రోగిని వంద కిలోమీటర్లు తీసుకెళ్లడానికి కారు కిరాయి, తోడు వెళ్లేవాళ్లకు ఒకరోజు కూలి పోతే, ఆ మందు ఉన్నా లేనట్టే.

చట్టం మారింది, భయం మారలేదు

2007లో ఈ వ్యవహారం ప్రజాప్రయోజన వ్యాజ్యంగా సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. 2009లో హ్యూమన్ రైట్స్ వాచ్ సంస్థ భారత్‌లో నొప్పి చికిత్స దుస్థితిపై నివేదిక విడుదల చేసింది. చివరికి 2014 ఫిబ్రవరిలో పార్లమెంటు ఎన్డీపీఎస్ చట్టాన్ని సవరించింది. "అత్యవసర మాదక ఔషధాలు" అనే కొత్త విభాగం వచ్చింది. 2015లో మార్ఫిన్, ఫెంటానిల్, మెథడోన్, ఆక్సికోడోన్, హైడ్రోకోడోన్, కోడీన్ అనే ఆరు మందులను అందులో చేర్చారు. వీటికి రాష్ట్రానికో నిబంధన లేదు, దేశమంతటికీ ఒకటే. శిక్షణ పొందిన డాక్టర్ ఉన్న ఆసుపత్రికి రాష్ట్ర డ్రగ్ కంట్రోలర్ గుర్తింపు ఇస్తే చాలు. నాలుగైదు లైసెన్సుల చుట్టూ తిరగాల్సిన పనిలేదు.

డాక్టర్ రాసిచ్చిన మార్ఫిన్‌ను రోగి కోసం ఇంటికి తెచ్చుకోవడం నేరం కాదు. ఈ ఒక్క మాట తెలియక భయపడే కుటుంబాలు ఇప్పటికీ ఉన్నాయి. ఆసుపత్రి ఇచ్చిన చీటీ, కార్డు మందుతోపాటే ఉంచుకుంటే సరిపోతుంది.

మరి సవరణ వచ్చి పదేళ్లు దాటినా మందు ఎందుకు పెరగలేదు? మొదటి కారణం, గుర్తింపు కోసం దరఖాస్తు పెట్టుకునే ఆసుపత్రులు తక్కువ. లాభం లేని మందు ఇది. మాత్ర ధర కొద్ది రూపాయలే. పైగా రిజిస్టర్లు రాయాలి. రెండో కారణం, నొప్పి చికిత్స చదువుకోకుండానే కాలేజీల నుంచి బయటికొచ్చిన డాక్టర్ల తరం. మార్ఫిన్ పేరెత్తితే రోగి బంధువులతో పాటు వాళ్లూ తడబడతారు. మూడో కారణం ఇంటి గడప లోపలే ఉంది.

2022లో దేశంలో సుమారు 14.6 లక్షల కొత్త క్యాన్సర్ కేసులు వచ్చి ఉంటాయని భారత వైద్య పరిశోధన మండలి అంచనా. చాలామంది జబ్బు ముదిరాకే ఆసుపత్రికి వస్తున్నారు. కాబట్టి ఈ మందు అవసరం ఏటా పెరుగుతుందే తప్ప తగ్గదు.

అమెరికాలో జరిగింది వేరు

"అమెరికాలో ఈ మందులతోనే కదా లక్షల మంది పోయారు" అని డాలస్‌లోనో చికాగోలోనో ఉన్న కొడుకు ఫోన్‌లో అంటే ఇక్కడి కుటుంబం మరింత జంకుతుంది. ఆ మాటలో నిజముంది. కానీ ఆ కథ వేరు.

అక్కడ 1996లో ఆక్సికాంటిన్ అనే మందు మార్కెట్లోకి వచ్చింది. దాన్ని తయారుచేసిన పర్డ్యూ కంపెనీ, అలవాటయ్యే ప్రమాదం తక్కువని డాక్టర్లను నమ్మించింది. ప్రజలను తప్పుదోవ పట్టించామని 2007లో కోర్టులో నేరం ఒప్పుకుంది కూడా. నడుంనొప్పికి, పంటి నొప్పికి కూడా ఇవే మందులు రాశారు. 2012 నాటికి ఏడాదికి 25 కోట్లకు పైగా చీటీలు, ప్రతి 100 మందికి 81 చొప్పున. ఆ తర్వాత పట్టు బిగించారు. 2020 నాటికి అది 100 మందికి 43కు దిగింది. అక్కడా ప్రాంతాల తేడా ఉంది. అలబామా, ఆర్కన్సా లాంటి దక్షిణాది రాష్ట్రాల్లో వాడకం తగ్గినా మిగతా దేశం కంటే ఎక్కువగానే మిగిలింది.

చీటీలు సగానికి పడిపోయినా చావులు ఆగలేదు. 2021, 2022 సంవత్సరాల్లో అన్ని రకాల మత్తుమందులూ కలిపి, మోతాదు మించి చనిపోయినవాళ్లు ఏడాదికి లక్ష దాటారు. అందులో ఎక్కువ భాగం దొంగచాటుగా తయారైన ఫెంటానిల్ వల్లే. అంటే ఆసుపత్రి మందును బిగిస్తే సరిపోదని అమెరికా నేర్చుకుంది. అవసరమైన రోగికి కూడా బిగిస్తే ఏమవుతుందో భారత్ అంతకుముందే చూసింది. అమెరికాలో తగ్గింది అతిగా వాడిన మందు. ఇక్కడ తగ్గింది అసలే అందని మందు. రెండింటినీ ఒకే గాటన కట్టకూడదు.

ఇక్కడ దుర్వినియోగం లేదని కాదు. పంజాబ్‌లో ట్రమడాల్ మాత్రలు యువతను పట్టి పీడించడంతో 2018లో దాన్నీ ఎన్డీపీఎస్ కిందికి తెచ్చారు. కోడీన్ దగ్గు మందు సీసాల సంగతి తెలిసిందే. హైదరాబాద్ బస్తీల్లో నైట్రావెట్ మాత్రల బెడద తల్లిదండ్రులకు తెలియనిది కాదు. అయితే అది నిద్రమాత్రల జాతి, మార్ఫిన్ జాతి కాదు. గల్లీలో అమ్మే మాత్రలకూ, క్యాన్సర్ రోగికి లెక్కగట్టి ఇచ్చే మందుకూ సంబంధం లేదు. పోలీసులు మొదటిదాన్ని పట్టుకోవాల్సిందే. రెండోదానికి అడ్డం పడకూడదు.

హరామేమో అన్న సందేహం, కలిమా గురించిన దిగులు

ముస్లిం ఇళ్లలో ఇంకో రెండు ప్రశ్నలు వస్తాయి. బయటికి అనకపోయినా మనసులో ఉంటాయి.

మొదటిది, మత్తు పదార్థం కదా, హరామ్ కాదా? అవసరం నిషేధాన్ని సడలిస్తుందన్నది ఇస్లామీ ధర్మశాస్త్రంలో పేరున్న సూత్రం, జరూరత్. ప్రాణం, ఆరోగ్యం కాపాడుకోవడం షరీఅత్ ముఖ్య ఉద్దేశాల్లో ఒకటి. వేరే మందుతో తగ్గని నొప్పికి, నమ్మకమైన డాక్టర్ సలహాతో, అవసరమైనంతే వాడటాన్ని ఆలిమ్‌లు సాధారణంగా అనుమతిస్తారు. సర్జరీకి మత్తు ఇస్తే ఎవరూ అభ్యంతరం చెప్పరు. ఇదీ అలాంటిదే. మనసు కుదుటపడకపోతే దగ్గర్లోని ముఫ్తీ సాహెబ్‌ను అడగొచ్చు. అయితే అడిగేటప్పుడు "అఫీము వాడొచ్చా?" అని కాక, జబ్బు ఏమిటో, డాక్టర్ ఏమన్నాడో పూర్తిగా చెప్పాలి.

రెండోది ఇంకా సున్నితమైనది. మత్తులో ఉంటే ఆఖరి గడియల్లో కలిమా ఎలా చదువుతారు? నమాజ్ సంగతేంటి? డాక్టర్లు చెప్పేదేమిటంటే, సరైన మోతాదులో మొదలుపెడితే మొదటి రెండు మూడు రోజులు మగతగా ఉండొచ్చు. తర్వాత చాలామందిలో అది తగ్గిపోతుంది. నొప్పి తగ్గి, మనిషి కూర్చుని మాట్లాడతాడు, తింటాడు. నిజానికి కలిమాను, నమాజ్‌ను మరిపించేది భరించలేని నొప్పే. సబర్ గొప్ప గుణమే. కానీ మందు ఉండి కూడా రోగితో బలవంతంగా చేయించే సబర్ సబర్ అనిపించుకోదు.

రమజాన్‌లో జబ్బుపడ్డవాళ్లకు ఉపవాసం నుంచి మినహాయింపు ఉంది. అయినా ఉండాలని పట్టుబట్టే పెద్దవాళ్లుంటారు. 12 గంటలపాటు పనిచేసే మాత్రలూ ఉన్నాయి. సహరీ, ఇఫ్తార్ వేళలకు సర్దవచ్చేమో డాక్టర్‌నే అడగాలి. సొంతంగా మాత్ర మానేయకూడదు.

ఇంట్లో తెలిసి ఉండాల్సినవి

మామూలు మార్ఫిన్ మాత్ర ప్రభావం సుమారు నాలుగు గంటలుంటుంది. కాబట్టి నొప్పి వచ్చాక కాకుండా, గడియారం చూసి ఇవ్వాలి. మలబద్ధకం దాదాపు అందరికీ వస్తుంది. విరేచనం మందు కూడా రాయమని మొదటిరోజే అడగాలి. మొదట్లో వికారం ఉండొచ్చు. కిడ్నీ జబ్బు ఉంటే తప్పక చెప్పాలి, అలాంటివాళ్లలో మందు ఒంట్లో పేరుకుపోతుంది. ఎక్కువసేపు పనిచేసే మాత్రలను నూరి ఇస్తే ప్రమాదం. రోగి లేపినా లేవకుండా, ఊపిరి బాగా నెమ్మదిస్తే వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లాలి. నిద్రమాత్రలు, ఇంకే మత్తుమందులూ డాక్టర్‌కు చెప్పకుండా కలపకూడదు.

ఒక్కసారిగా ఆపితే ఒళ్లు వణుకు, చెమటలు రావొచ్చు. అది శరీరానికి అలవాటైన మందు ఆగిపోవడం వల్ల. అది వ్యసనం కాదు. తగ్గించాల్సి వస్తే డాక్టర్ మెల్లగా తగ్గిస్తాడు. మాత్రలు పిల్లలకు, బయటివాళ్లకు అందకుండా తాళం వేసి ఉంచాలి. రోగి కాలం చేశాక మిగిలినవి ఇచ్చినచోటే తిరిగి అప్పజెప్పాలి.

ఇక జరగాల్సింది

ప్రభుత్వాల వంతు స్పష్టంగానే ఉంది. ప్రతి జిల్లా ఆసుపత్రికీ గుర్తింపు ఉండాలి. ఆలన లాంటి వాహనాలకు డీజిల్, నర్సులకు జీతం, మందుల గదిలో మార్ఫిన్ ఏ నెలా ఆగకూడదు. ఆయుష్మాన్ భారత్ ఆరోగ్య కేంద్రాలు అందించాల్సిన సేవల జాబితాలో పాలియేటివ్ కేర్ ఇప్పటికే ఉంది. అది గోడమీద రాతగానే మిగలకూడదు.

మిగతాది మొహల్లాల చేతుల్లో ఉంది. మసీదు కమిటీ ఒక్కో వీధిలో మంచాన పడ్డవాళ్లు ఎందరో లెక్క తీయడానికి ఎవరి లైసెన్సూ అక్కర్లేదు. వారానికి రెండు గంటలిచ్చే పదిమంది యువకులను, చదువుకున్న ఆడపిల్లలను సమీకరించి, దగ్గర్లోని పాలియేటివ్ కేంద్రంలో శిక్షణ ఇప్పించవచ్చు. రోగిని తీసుకెళ్లడానికి ఆటో కిరాయికి సదఖా డబ్బు ఎంతో ఉపయోగం. జకాత్ ఎవరికి చెల్లుతుందో ఆలిమ్‌లే చెబుతారు.

కేరళలో మార్ఫిన్ తిరిగి రావడానికి మంచి చట్టం ఒక్కటే కారణం కాదు. పొరుగింటివాడి మూలుగు విని తలుపు తట్టినవాళ్లు అక్కడ ఎక్కువ. ఇక్కడి మొహల్లాల్లోనూ అలా తలుపు తట్టేవాళ్లు వస్తే, జేబులో మడిచిపెట్టిన ఆ చీటీ మందుల కౌంటర్‌కు చేరుతుంది. ఆ తల్లికి ఈ రాత్రి నిద్ర పడుతుంది.